445వ గేటు దగ్గర ఎవరు?

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే 'కనెక్షన్ ప్రయత్నాన్ని అడ్డుకున్నాం' అనే సందేశం వస్తుంది. దాని వెనక ఎవరున్నారు? పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతం దాన్ని ఎందుకు పట్టించుకోవాలి?

తెర మీద కుడివైపు అడుగున ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఫలానా పోర్టుకు కనెక్షన్ ప్రయత్నం జరిగింది, అడ్డుకున్నాం అని ఉంటుంది. కింద నాలుగు ముక్కల ఐపీ అడ్రస్, పక్కన 445 అనో 3389 అనో ఒక నంబరు. బీరంగూడ అపార్ట్‌మెంటులో కూర్చుని జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంటుకైనా, నైట్ షిఫ్ట్ దిగి ఇస్నాపూర్ హాస్టల్లో ల్యాప్‌టాప్ తెరిచిన కెమిస్టుకైనా మొదట కలిగే అనుమానం ఒకటే. నా కంప్యూటర్ హ్యాక్ అయిందా?

చాలావరకు కాలేదు. అలాగని ఆ పెట్టె మూసేసి పనిలో పడిపోకూడదు. ఆ రెండు మూడు అంకెల్లో చదవగలిగినవాళ్లకు చాలా సమాచారం ఉంటుంది. చదవడం పెద్ద విద్యేమీ కాదు. మన ప్రాంతంలో ఇంటి కంప్యూటరుకూ కంపెనీ కంప్యూటరుకూ మధ్య గోడ పలచబడిపోయింది కాబట్టి, ఇప్పుడది అందరికీ తెలియాల్సిన విషయం.

పోర్టు అంటే ఏమిటో ఈ ప్రాంతం వాళ్లకు తేలిగ్గా చెప్పొచ్చు. పాశమైలారంలో ఏ కంపెనీ చూసినా ఉద్యోగులకు ఒక గేటు, లారీలకు ఒక గేటు, ట్యాంకర్లకు ఇంకో గేటు ఉంటాయి. సెక్యూరిటీ క్యాబిన్లో రిజిస్టరు ఉంటుంది. కంప్యూటరుకు అలాంటి గేట్లు సున్నా నుంచి 65,535 దాకా, మొత్తం 65,536. పోర్టు నంబరు రాసుకోవడానికి 16 బిట్ల చోటే ఇచ్చారు కాబట్టి లెక్క అక్కడితో ఆగింది. వెబ్‌సైట్లు 80, 443 మీద నడుస్తాయి. ఫైళ్లూ ప్రింటర్లూ పంచుకునే విండోస్ సదుపాయానిది 445. దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌ది 3389. పాతకాలపు టెల్‌నెట్‌ది 23. గేటు వెనక ఏదో ఒక ప్రోగ్రాం కాచుకుని కూర్చుంటేనే ఆ పోర్టు తెరిచి ఉన్నట్టు. ఎవరూ లేకపోతే వచ్చినవాడికి 'ఇక్కడ ఎవరూ లేరు' అన్న జవాబు వెళ్తుంది. ఫైర్‌వాల్ కాపలా ఉంటే ఆ మాత్రం జవాబు కూడా వెళ్లకపోవచ్చు. మనకు కనిపించిన ఆ చిన్న పెట్టె రిజిస్టరులో పడిన పద్దు మాత్రమే: ఒకరు వచ్చారు, లోపలికి వదల్లేదు.

ఇక్కడ ఒక్క సాంకేతిక సంగతి గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది. టీసీపీ పద్ధతిలో రెండు కంప్యూటర్ల సంభాషణ మూడు అడుగుల్లో మొదలవుతుంది. అవతలిది మాట్లాడొచ్చా అని ఒక ప్యాకెట్ పంపుతుంది, ఇవతలిది సరే అంటుంది, అవతలిది అందిందని చెబుతుంది. ఆ తర్వాతే అసలు సమాచారం కదులుతుంది. ఫైర్‌వాల్ అడ్డుకున్న ప్రయత్నం మొదటి అడుగు దగ్గరే తెగిపోతుంది. మన ఫైలు ఒక్కటీ, పాస్‌వర్డ్ ఒక్కటీ దాంతో బయటికి పోదు.

ఎవరూ మనల్ని ఎంచుకోలేదు

ఇంటర్నెట్‌లో ఇప్పటికీ విస్తారంగా వాడుకలో ఉన్న పాత పద్ధతి అడ్రసులు మొత్తం సుమారు 430 కోట్లు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జీమ్యాప్ అనే సాధనం తయారు చేశారు. ఒకే ఒక కంప్యూటర్, గిగాబిట్ లైను ఉంటే చాలు, ఆ అడ్రసులన్నిటి మీదా ఏదైనా ఒక పోర్టును 45 నిమిషాల్లోపు తట్టి చూడొచ్చని నిరూపించారు. షోడాన్ అనే సెర్చ్ ఇంజిన్ 2009 నుంచి ఇదే పనిగా ప్రపంచమంతా తిరిగి, ఏ అడ్రసులో ఏ పరికరం తెరిచి ఉందో జాబితా వేస్తోంది. షాడోసర్వర్ అనే లాభాపేక్ష లేని సంస్థ రోజూ స్కాన్ చేసి, ప్రమాదంలో ఉన్న కంప్యూటర్ల వివరాలను ఆయా దేశాల సైబర్ భద్రతా సంస్థలకు పంపుతుంది. అంటే తట్టినవాళ్లలో మేలుకోరేవాళ్లూ ఉన్నారు.

మిగతావాళ్లలో ఎక్కువ భాగం మనుషులే కారు. వైరస్ సోకిన కంప్యూటర్లు, కెమెరాలు, రౌటర్లు తమంతట తాము పక్కవాటిని వెతుక్కుంటూ తిరుగుతుంటాయి. 2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్, అంటే తనంతట తాను పాకే పురుగు ప్రోగ్రాం, 1434 నంబరు పోర్టు మీదుగా పాకింది. దాని పరిమాణం 376 బైట్లు, ఈ పేరాకంటే చిన్నది. మొదట్లో ఎనిమిదిన్నర సెకన్లకోసారి రెట్టింపవుతూ, పది నిమిషాల్లో తనకు లొంగే కంప్యూటర్లలో 90 శాతాన్ని పట్టుకుంది. ఆ ఏడాదే ఆగస్టులో బ్లాస్టర్ వచ్చి 135 నంబరు పోర్టు మీద పడింది. ఆ దెబ్బలు తిన్నాకే 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో, మనం అడగకుండానే ఫైర్‌వాల్ ఆన్ అయి ఉండడం మొదలైంది. నెట్ స్లో అవుతోందనో, ఏదో సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదనో దాన్ని ఆపేసే అలవాటు మనవాళ్లకు ఇంకా పోలేదు. అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి

పోర్టు నంబరుకంటే ముందు చూడాల్సింది, వచ్చినవాడి అడ్రస్. అది 192.168తోనో, 10తోనో మొదలైతే వచ్చినవాడు మన ఇంట్లోవాడే. ఇంటి రౌటర్ వెనక ఉన్న కంప్యూటరుకు బయటి ప్రపంచం తట్టుడు మామూలుగా వినిపించదు. మనం అడగని ప్యాకెట్లను ఎవరికివ్వాలో రౌటరుకు తెలియదు కాబట్టి అవి అక్కడే రాలిపోతాయి. పైగా చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్లకు కలిపి వాడుతున్నాయి.

ఇంట్లోవాళ్లలో ఎక్కువమంది నిరపాయకరమైనవాళ్లే. 1900, 5353 అనే నంబర్లు కనిపిస్తే టీవీయో ఫోనో ప్రింటరో తోటి పరికరాలను వెతుక్కుంటోందని అర్థం. 7680 అయితే ఇంకో విండోస్ కంప్యూటర్ తాను దించుకున్న అప్‌డేట్ ముక్కలను పంచుకోవాలని చూస్తోంది. చాలామందిని బెదరగొట్టేది ఇంకొకటుంది: బయటి అడ్రస్, వాళ్ల వైపు 443, మన వైపు 49,152కి పైన ఏదో పెద్ద నంబరు. అది దాదాపు ఎప్పుడూ మనం కాసేపటి క్రితం చూసి మూసేసిన వెబ్‌సైట్ నుంచి ఆలస్యంగా వచ్చిన జవాబే. సంభాషణ ముగిసిందని లెక్క కట్టేసిన ఫైర్‌వాల్ దాన్ని కొత్త మనిషిగా రాసుకుంటుంది.

భయపడాల్సింది మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. బయటి నుంచి వందసార్లు 445 తట్టినా అది రోజువారీ తంతు. మన ఇంట్లోనే ఉన్న సీసీ కెమెరా అడ్రస్ నుంచి మన ల్యాప్‌టాప్ 445 మీదకు ఒక్కసారి ప్రయత్నం జరిగినా అది అసలైన హెచ్చరిక. కెమెరాకు మన ఫైళ్లతో పనేముంటుంది? ఆ పరికరం మరొకరి అదుపులోకి పోయి ఉండొచ్చు. వెంటనే దాని వైరు పీకి, రీసెట్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, కంపెనీ ఇచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ వేసే దాకా మళ్లీ తగిలించకూడదు.

ఇస్నాపూర్, పటాన్‌చెరు, బొల్లారంలలో బ్యాచిలర్ గదుల్లో, హాస్టళ్లలో ఉండేవాళ్లకు 'ఇంట్లోవాళ్లు' అన్న మాటే వర్తించదు. ఒక్క వైఫై, ముప్ఫై నలభై మంది. ఒడిశా నుంచి వచ్చిన ఆపరేటరూ, శ్రీకాకుళం నుంచి వచ్చిన ట్రెయినీ కెమిస్టూ, పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాడూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటారు. ఒకరి ల్యాప్‌టాప్‌లో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో పాటు పురుగు దిగితే మిగతా అందరి గేట్లూ తట్టి చూస్తుంది. కొత్త వైఫైకి కలిసినప్పుడు ఇది పబ్లిక్ నెట్‌వర్కా, ప్రైవేటా అన్న ఎంపిక విండోస్ మన చేతిలో పెడుతుంది. హాస్టల్లో జవాబు ఎప్పుడూ పబ్లిక్కే. ఆ ఒక్క నొక్కుతో పక్కవాళ్లకు మన కంప్యూటర్ కనిపించడం దాదాపు ఆగిపోతుంది.

లోపలి నుంచి బయటికి జరిగే ప్రయత్నాలు వేరే సంగతి, ఇంకా ముఖ్యమైన సంగతి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నెట్‌స్టాట్ అని ఇంగ్లిషులో రాసి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఏ, ఎన్, ఓ అనే మూడు అక్షరాలు కలిపి కొడితే ఒక పట్టిక వస్తుంది. ఏ పోర్టు వెనక ఎవరు వింటున్నారో, ఎవరు ఎక్కడితో మాట్లాడుతున్నారో అందులో ఉంటుంది. చివరి వరసలోని సంఖ్యను టాస్క్ మేనేజర్‌లో వెతికితే ఆ ప్రోగ్రాం పేరు దొరుకుతుంది. తెలిసిన పేరైతే సరే. తెలియని పేరు, అదీ టెంప్ ఫోల్డర్లోంచి నడుస్తూ, ఎక్కడో విదేశీ అడ్రసుతో మాట్లాడుతుంటే ముందు నెట్ తీసేయాలి, తర్వాతే మిగతా పని.

ఆ ఒక్క నంబరు చేసిన నష్టం

445 ఎందుకంత అపఖ్యాతి మూటగట్టుకుంది? 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఆ పోర్టు వెనక పనిచేసే సదుపాయంలోని లోపానికి మరమ్మతు విడుదల చేసింది. ఆ లోపాన్ని వాడుకునే ఆయుధం అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ దగ్గరిది. ఏప్రిల్‌లో అది బజారుకెక్కింది. మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం, వచ్చింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఏ మెయిలూ తెరవక్కర్లేదు. 445 తెరిచి ఉండి, మరమ్మతు వేయని కంప్యూటర్ అయితే చాలు. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకు తాళం పడిపోయింది. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయంలోనూ కొన్ని కంప్యూటర్లకు అది సోకింది. మరమ్మతు వచ్చి రెండు నెలలు కావస్తున్నా వేసుకోనివాళ్లందరూ దొరికిపోయారు.

జూన్ 27న వచ్చిన నాట్‌పెట్యా అనే మరో పురుగు మన ప్రాంతానికి ఇంకా దగ్గరగా తగిలింది. ఉక్రెయిన్‌లో పన్నులు కట్టడానికి వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాక్కుని వచ్చి, లోపలికి చేరాక అదే 445 లోపంతో, దొంగిలించిన పాస్‌వర్డులతో కంపెనీల నెట్‌వర్కులంతటా పాకింది. మందుల కంపెనీ మెర్క్ ఉత్పత్తి దెబ్బతిని, గార్డసిల్ టీకా డోసులను అమెరికా ప్రభుత్వ నిల్వల నుంచి అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. డెన్మార్క్ నౌకా సంస్థ మెర్స్క్ కంప్యూటర్లు పడిపోవడంతో, ఆ గ్రూపు నడిపే టెర్మినల్ ముంబై దగ్గర నవశేవా రేవులో పని ఆపుకుంది. పటాన్‌చెరు ముందునుంచి పోయే ముంబై హైవే ఎక్కిన ఎగుమతి సరుకుకు ఆ రేవు ఒక ప్రధాన ద్వారం. ఎక్కడో ఉక్రెయిన్‌లో మొదలైన తట్టుడు మన లారీలు దించే చోటికి వచ్చింది.

ఆ తర్వాత ఇంటికే వచ్చింది. 2019 మే మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. సంగారెడ్డికి కరెంటిచ్చే దక్షిణ డిస్కమ్ కూడా అందులో ఉంది. 2020 అక్టోబరులో, స్పుత్నిక్ కొవిడ్ టీకా పరీక్షలకు అనుమతి వచ్చిన కొద్ది రోజులకే, బొల్లారంలో యూనిట్లున్న మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ సైబర్ దాడికి గురైంది. అక్టోబరు 22న తన డేటా సెంటర్ల సేవలన్నిటినీ విడదీసి వేరుచేశామని స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. అది రాన్సమ్‌వేర్ అని తర్వాత వెల్లడించింది. అంత పెద్ద కంపెనీ వైర్లు విడదీసుకోవడానికి వెనకాడలేదు. నిజానికి అదే సరైన పని. తెలివిగలవాళ్లు చేసేది అదే.

2021 మార్చిలో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ తెలంగాణ లోడ్ డిస్పాచ్ సెంటరును హెచ్చరించింది. చైనాకు చెందినదిగా భావిస్తున్న ముఠా సర్వర్లతో ఇక్కడి విద్యుత్ వ్యవస్థకు చెందిన కంప్యూటర్ల నుంచి సంభాషణకు ప్రయత్నం జరుగుతోందని దాని సారాంశం. రాష్ట్ర విద్యుత్ ప్రసార సంస్థ ట్రాన్స్‌కో ఆ అడ్రసులను నిరోధించి, పాస్‌వర్డులు మార్చింది. ఈ ఉదంతాన్ని ప్రతి చిన్న కంపెనీ యజమానీ చదవాలని నా కోరిక. అక్కడ పట్టిచ్చింది మరేదో కాదు, ఏ కంప్యూటర్ ఏ అడ్రసుతో మాట్లాడాలని చూస్తోందన్న లెక్క. మన ఇంటి తెర మీద పెట్టెలో కనిపించేదీ అదే లెక్క.

గోడ పలచబడిన చోట

పెద్ద కంపెనీలకు ఐటీ విభాగాలుంటాయి. ఈ పారిశ్రామిక ప్రాంతంలో ఆందోళన కలిగించేవి చిన్న యూనిట్లు: ఫ్యాబ్రికేషన్ షెడ్లు, ప్లాస్టిక్ మౌల్డింగ్, ఇంటర్మీడియెట్లు చేసే రసాయన యూనిట్లు. ట్యాలీ ఉన్న కంప్యూటర్ ఆఫీసులో ఉంటుంది, అకౌంటెంటు రామచంద్రాపురంలో ఇంట్లో ఉంటాడు. మధ్యలో ఉండేది రిమోట్ డెస్క్‌టాప్. ఎవరో వచ్చి రౌటర్‌లో 3389ను నేరుగా బయటికి తెరిచి పెట్టి పోతారు. ఆ క్షణం నుంచి ప్రపంచంలోని పాస్‌వర్డ్ ఊహించే యంత్రాలన్నీ ఆ గేటు దగ్గర వరస కడతాయి. నంబరు 3390కి మార్చితే దాక్కున్నట్టు అనుకునేవాళ్లున్నారు. స్కానర్లు అన్ని నంబర్లూ చూస్తాయి. పరిష్కారం వీపీఎన్ పెట్టుకోవడం, దాని మీద రెండో అంచె ఓటీపీ పెట్టుకోవడం. ఆ ఖర్చు ఒక్క రోజు ఉత్పత్తి నష్టానికి సాటి రాదు.

సీసీ కెమెరాల సంగతీ ఇంతే. యజమాని ఫోన్లో షెడ్డు చూసుకోవాలి కాబట్టి పోర్టు తెరుస్తారు. పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చినదే ఉంచేస్తారు, సర్వీసుకు వచ్చినప్పుడు తేలికని. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం 23, 2323 పోర్టులు తట్టి, అరవైకి పైగా ఇలాంటి పుట్టుపాస్‌వర్డులు వరసగా ప్రయోగించి, లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను వశం చేసుకుంది. ఆ సైన్యంతోనే అక్టోబరు 21న అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు చాలామందికి అందకుండా పోయాయి. మరుసటి ఏడాది జులైలో మన దేశంలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు ఇలాంటి దాడికే గురయ్యాయి. పాస్‌వర్డులు మార్చుకోండని సంస్థ వినియోగదారులను కోరింది. అంతకుముందు దాకా ఎందరి ఇళ్లలో అది 'అడ్మిన్' అనే ఉండిపోయిందో ఊహించుకోవచ్చు.

ఫార్మా ల్యాబుల్లో చిక్కు మరోలా ఉంటుంది. మందుల నాణ్యత పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి కట్టిన కంప్యూటర్‌ను ఇష్టం వచ్చినప్పుడు అప్‌డేట్ చేయడానికి లేదు. ఏది మార్చినా ఆ వ్యవస్థ సరిగ్గా పనిచేస్తోందని మళ్లీ వ్యాలిడేట్ చేసి, తనిఖీకి వచ్చేవాళ్లకు కాగితాలు చూపాలి. అందుకే 2020 జనవరి 14తో మద్దతు ముగిసిన విండోస్ 7 లాంటివి అక్కడ ఏళ్ల తరబడి ఉండిపోతాయి. దానికి క్వాలిటీ విభాగాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ కంప్యూటర్ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉండాల్సిన పని లేదు. దాన్ని వేరే నెట్‌వర్క్‌లో పెట్టి, ప్రింటరుకూ డేటా నిల్వ చేసే సర్వరుకూ తప్ప ఎక్కడికీ దారి లేకుండా చేయొచ్చు.

ప్లాంటులో పంపులూ వాల్వులూ నడిపే కంట్రోలర్లది ఇంకా సున్నితమైన వ్యవహారం. వాటిలో చాలావరకు మాట్లాడే మోడ్‌బస్ భాష 1979 నాటిది. పాస్‌వర్డ్ అడగడమన్నది దాని మూల రూపంలో లేనే లేదు. దాని పోర్టు 502. ఆ గేటు చేరినవాడు చెప్పిందల్లా ఆ యంత్రం చేస్తుంది. సాల్వెంట్లు, రియాక్టర్లు ఉన్న చోట ఇది డేటా సమస్య కాదు, మనుషుల ప్రాణాల సమస్య. 502 అనే నంబరు ఇంటర్నెట్ వైపు ఎక్కడా, ఏ కారణానికీ తెరిచి ఉండకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

అసలు నెట్టే లేకుండా ఉంటే సరిపోదా అంటే, ఆ వెసులుబాటూ లేదు. ఫార్మా సహా 17 రకాల కాలుష్య కారక పరిశ్రమలు వ్యర్థాల వివరాలను ఆన్‌లైన్‌లో నిరంతరం పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఇక్కడి కాలుష్యంతో నక్కవాగు అనుభవించినదంతా చూశాక ఆ ఆదేశం ఎంత అవసరమో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ మీటర్ల నుంచి సమాచారం బయటికి పోవడానికి దారి కావాలి. బయటివాళ్లు మీటరు దగ్గరికి రావడానికి దారి అక్కర్లేదు. లైను వేయించుకునేటప్పుడు విక్రేతను ఈ ఒక్క తేడా అడిగి రాయించుకోవాలి.

తట్టినవాడిని తిరిగి తట్టొద్దు

కుర్రవాళ్లకు ఒక ఉబలాటం ఉంటుంది, అడ్రస్ దొరికింది కదా మనమూ స్కాన్ చేద్దామని. ఆ అడ్రస్ వెనక ఉన్నది మనలాంటి మరో బాధితుడి రౌటర్ కావొచ్చు. అనుమతి లేకుండా పరాయి కంప్యూటర్‌లోకి చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు పడే నేరం అవుతుంది.

చేయాల్సింది ఫిర్యాదు. కంపెనీలకు ఇది ఇష్టంతో పని లేని బాధ్యత. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. కీలక వ్యవస్థల మీద గురిపెట్టి జరిగే స్కానింగ్ కూడా తెలియజేయాల్సిన ఘటనల జాబితాలో ఉంది. డబ్బు పోతే ఎవరైనా 1930కి ఫోన్ చేయాలి. కంప్యూటరుకు పురుగు పట్టిందని అనుమానం ఉంటే 2017 ఫిబ్రవరిలో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైట్‌లో శుభ్రం చేసే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి.

ఫిర్యాదు రాసేటప్పుడు చాలామంది అడ్రస్ ఒక్కటే రాసి ఊరుకుంటారు. అది చాలదు. అవతలివాళ్లదీ వందల ఇళ్లు కలిపి వాడుకునే పబ్లిక్ అడ్రసే అయితే, ఆ అడ్రస్ ఎవరిదని పోలీసులు అడిగినా ఇంటర్నెట్ కంపెనీ ఒక ఇంటిని చూపించలేదు. ఆ సెకనులో ఏ పోర్టు నంబరు ఏ కనెక్షనుకు కేటాయించారో వాళ్ల రికార్డుల్లో వెతకాలి. కాబట్టి తేదీ, సెకన్లతో సహా సమయం, అవతలి అడ్రస్, అవతలి పోర్టు నంబరు, మన పోర్టు నంబరు, వాడింది టీసీపీయా, యూడీపీ అనే మరో పద్ధతా అన్నది, ఈ ఆరూ ఆ చిన్న పెట్టె మూయకముందే రాసిపెట్టుకోవాలి.